లేని జంతువులు: ఆలంపూర్ రాళ్ళ ముందు బడిపిల్లలు

పాత మహబూబ్‌నగర్ జిల్లా పటంలో దక్షిణపు కొసన, తుంగభద్ర ఒడ్డున ఉన్న చిన్న పట్టణం ఆలంపూర్. 1956 వరకు ఇది రాయచూరు జిల్లాలోనిది. రాష్ట్రాల పునర్విభజన నాడు గద్వాలతో పాటు మహబూబ్‌నగర్‌లో కలిసింది. 2016 నుండి జోగుళాంబ గద్వాల జిల్లాలో ఉన్నది. జిల్లాలు మారినా ఊరి చెవి మారలేదు. తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ అక్కడ వినిపిస్తాయి. ఈ మూడు భాషల సంగతి ఈ వ్యాసంలో ముందు ముందు మనకు పనికివస్తుంది.

బాదామి చాళుక్యుల కాలంలో, క్రీ.శ. 7, 8 శతాబ్దాలలో, ఇక్కడ కట్టిన గుడులను నవబ్రహ్మాలయాలంటారు. తారకబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, పద్మబ్రహ్మ, బాలబ్రహ్మ, గరుడబ్రహ్మ, కుమారబ్రహ్మ, అర్కబ్రహ్మ, వీరబ్రహ్మ, విశ్వబ్రహ్మ అని వాటి పేర్లు. పేరుకు బ్రహ్మలే గాని అన్నీ శివాలయాలే. స్వర్గబ్రహ్మాలయం మీద వినయాదిత్యుని (681–696) కాలపు శాసనమున్నది. గుడుల పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా గలదు. ఆ పక్కనే పురావస్తు ప్రదర్శనశాల. కర్నూలు నుండి, గద్వాల నుండి, అటు రాయచూరు నుండి బడిపిల్లలు బస్సుల్లో దిగి, వరుసగా నిలబడి, ఈ మూడింటి మధ్య అరపూట గడిపి వెళుతుంటారు.

ఆ అరపూటలో పిల్లలు అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. శాసనం ఏమి చెబుతున్నదని అడగరు, శిఖరం ఏ శైలిదని అడగరు. ద్వారం మీద తొండమున్న చేపను చూపి, "సార్, ఇది నిజంగా ఉండేదా?" అని అడుగుతారు. దీనికి పెద్దలు సాధారణంగా చెప్పే జవాబులు రెండు. మొదటిది: "పూర్వం ఉండేది, ఇప్పుడు లేదు." రెండవది: "అంతా ఉత్తదే, పద పద." మొదటిది అబద్ధం. రెండవది అబద్ధం కాకపోయినా, పిల్లవాని నోరు మూయించటం తప్ప ఏమీ చేయదు. ఈ రెండింటి నడుమ చెప్పదగిన జవాబు ఒకటున్నది. అది కొంచెం పొడుగైనది.

తొండమున్న ఆ చేపనే మొదట తీసుకుందాం. దాని పేరు మకరం. చాళుక్య శిల్పి దానిని ఎట్లా కూర్చాడో నిలబడి చూస్తే తెలుస్తుంది. నోరు మొసలిది, పళ్ళు లెక్కపెట్టవచ్చు. ముక్కు ఏనుగు తొండమై పైకి చుట్టుకున్నది. ఒళ్ళు చేపది, కొన్నిచోట్ల పొలుసులు కూడా కనబడతాయి. తోక దగ్గరికి వచ్చేసరికి జంతువే మాయమై తీగలు, ఆకులు, సుడులు మొదలవుతాయి. అక్కడ శిల్పి జంతుశాస్త్రం వదిలి అలంకారంలో పడ్డాడన్నమాట. అంటే లేని జంతువులో లేని అవయవం ఒక్కటి కూడా లేదు. ప్రతి ముక్కా ఆ శిల్పి కంటితో చూచినదే. కృష్ణా తుంగభద్రల నీళ్ళలో మొసళ్ళు ఉండనే ఉన్నవి, ఏనుగు రాజుల దగ్గర ఉన్నది, చేప రోజూ వలలో పడేదే. అతను కొత్తగా చేసినదల్లా అతుకు. పిల్లలకు ఈ మాట చెప్పి, "ఏ ముక్క ఏ జంతువుదో విడదీయండి" అంటే, అల్లరి చేసే తరగతి కూడా పది నిమిషాలు రాయి ముందు నుండి కదలదు. ఇది నేను చూచిన సంగతి.

అతుకు ఎందుకన్నది తర్వాతి ప్రశ్న. మకరం నీటి జంతువు. ద్వారబంధాల అడుగున గంగ, యమున నిలబడి ఉంటారు. గంగ కాలి కింద మకరం, యమున కాలి కింద తాబేలు. గుడి లోపలికి పోయేవాడు నదిలో మునిగి శుచియై పోతున్నాడని ఆ గుర్తుల అర్థం. గోడ గూళ్ళ నెత్తిన రెండు మకరాలు ఎదురెదురుగా నోళ్ళు తెరిచి, ఆ నోళ్ళలో నుండి తోరణం వెలువడుతున్నట్లు చెక్కుతారు. దానినే మకరతోరణం అంటారు. చాలా గుడుల్లో అభిషేకజలం బయటికి పోయే తూముకు కూడా మకరముఖమే పెడతారు. మొసలి ఒక్కటే అయితే భయం, చేప ఒక్కటే అయితే తిండి. నీరు ముంచనూ గలదు, బ్రతికించనూ గలదు అని ఒకే బొమ్మలో చెప్పవలసి వచ్చినప్పుడు ఒక్క జంతువు చాలలేదు. తుంగభద్ర పక్కన ఉండేవారికి, 2009 అక్టోబరు వరదను ఇంట్లో పెద్దలు చెప్పగా విన్న పిల్లలకు, ఈ భావం వివరించటం కష్టం కాదు.

ఇక మాట సంగతి. అనువాదం నా వృత్తి గనుక ఇక్కడ కొంచెం ఆగుతాను. మకరం అన్నది సంస్కృత గ్రంథాల్లో ఉండిపోయిన మాట అని తెలుగు పిల్లవాడు అనుకుంటాడు. తనకు మొసలి అనే మాటే తెలుసు. పక్కన కూర్చున్న ఉర్దూ పిల్లవాడు ఇంట్లో మొసలిని "మగర్" అంటాడు, "మగర్‌మచ్ఛ్" అంటాడు. ఆ మగర్ ఈ మకరమే. మచ్ఛ్ అన్నది మత్స్యం. ఇంగ్లీషువారు మన మొసలికి పెట్టుకున్న "మగ్గర్" అనే పేరూ అక్కడిదే. రాతి మీది వింత జంతువు పేరు ఆ తరగతిలో రోజూ వాడుకలో ఉన్నది ఒక ముస్లిం బాలుని ఇంట్లో! ఈ ఒక్క విషయం చెప్పినప్పుడు ఆ బాలుని ముఖంలో వచ్చే మార్పును ఉపాధ్యాయులు గమనించాలి. అంతదాకా అతను ఇతరుల వస్తువును చూడటానికి వచ్చినవాడు. మాకరమాసపు మకరాన్నే అరబ్బు జ్యోతిశ్శాస్త్రజ్ఞులు "జదీ" అన్నారు, అంటే మేకపిల్ల. గ్రీకులకు అది సగం మేక, సగం చేప. ఆకాశంలో అదే నక్షత్రాల గుంపు, నేల మీద మూడు జంతువులు.

మకరతోరణం నడినెత్తిన గుడ్లు మిటకరించి చూసే ముఖం ఒకటి ఉంటుంది. కొమ్ములుంటాయి, కింది దవడ ఉండదు, ఒళ్ళు అసలే ఉండదు. దానిని కీర్తిముఖం అంటారు. పురాణంలో దాని కథ ఉన్నది. జలంధరుని దూతగా వచ్చిన రాహువును మింగటానికి శివుడు ఒక ఆకలిభూతాన్ని పుట్టించి, రాహువు శరణు వేడగా, నీ ఒంటినే తినుమని భూతంతో అంటాడు. అది తోక నుండి మొదలుపెట్టి తినుకుంటూ వచ్చి, ముఖం మాత్రం మిగిలిన చోట ఆగింది. పిల్లలు ఈ కథకు నవ్వుతారు, తర్వాత కొంచెం భయపడతారు. ఆ రెండూ జరగాలి. కథ చెప్పిన పద్ధతి సరిగా ఉన్నదన్నమాట. సింహం, ఏనుగు, చిలుక వంటి తలలు తగిలించిన వ్యాళాలు, యాళులు, కప్పుల మీద రెక్కలు లేకుండానే ఎగిరే గంధర్వ దంపతులు ఉన్నారు గాని, ఒక్క పూటలో అన్నీ చెప్పబూనటం పొరపాటు. గంధర్వుల విషయంలో ఒక్క మాట చాలు: పారశీక చిత్రకారుడు దేవదూతను ఎగురవేయటానికి రెక్కలు గీశాడు, చాళుక్య శిల్పి మోకాళ్ళు వెనక్కి మడిచి, ఉత్తరీయాన్ని గాలికి వదిలి ఎగురవేశాడు.

ఇప్పుడు "ఇది నిజంగా ఉండేదా?" అన్న ప్రశ్నను మనకంటె వెయ్యేళ్ళ ముందు ఎదుర్కొన్న ఒక పండితుని దగ్గరకు పోదాం. అబూ రైహాన్ అల్ బీరూనీ సంస్కృతం నేర్చి, పండితులతో కూర్చుండి, క్రీ.శ. 1030 ప్రాంతంలో భారతదేశాన్ని గురించి అరబ్బీలో మహాగ్రంథం వ్రాశాడు. అందులో కొంకణ ప్రాంతపు జంతువుగా తాను విన్న శరభాన్ని వర్ణిస్తాడు. దానికి నాలుగు కాళ్ళు. వీపు మీద మరి నాలుగు కాళ్ళ వంటివి పైకి ఉంటాయి. చిన్న తొండం, రెండు పెద్ద కొమ్ములు. ఆకారం గేదెది, పరిమాణం ఖడ్గమృగం కంటె పెద్దది. ఏనుగును కొమ్ములతో చీల్చగలదు. కొమ్ములతో ఎత్తిన జంతువు దాని పైకాళ్ళ మధ్య చిక్కి కుళ్ళి, ఆ పురుగులు దీని వీపును తొలిచి, చివరికి చంపుతాయని కూడా జనం చెప్పుకొంటారని వ్రాశాడు. గమనించండి: జనం చెప్పుకొంటారన్నాడు. తాను చూచినట్లు వ్రాయలేదు, అలాగని ఎగతాళీ చేయలేదు. చూచినది, విన్నది, చదివినది వేరు వేరు గళ్ళలో పెట్టాడు. శరభం సంస్కృత సాహిత్యంలో సింహాన్ని మించిన ఎనిమిది కాళ్ళ మృగం. తర్వాతి కాలంలో శైవులు దానిని శివుని రూపంగా చెక్కారు. తమిళనాడులోని దారాసురం గుడిలో ఆ శిల్పాన్ని చూడవచ్చు. సరిహద్దు దాటి కర్ణాటకకు పోతే, ప్రభుత్వ ముద్రలో నడుమ రెండు తలల గండభేరుండం, ఇరుపక్కల ఏనుగు తల, సింహపు ఒళ్ళు గల మృగాలు నేటికీ ఉన్నవి. రాయచూరు పిల్లల పాఠ్యపుస్తకం అట్ట మీద ఆ ముద్ర ఉంటుంది. వారు దానిని జంతువుగా ఎన్నడూ చూడలేదంతే.

లేని జంతువు ఒక భాష నుండి మరొక భాషకు ఎట్లా పోతుందో చెప్పటానికి అనువాదకులకు తెలిసిన చక్కని ఉదాహరణ ఒకటి ఉన్నది. పంచతంత్రంలో తీతువు పిట్టల కథను పాఠకులు ఎరుగుదురు. సముద్రం వాటి గ్రుడ్లను లాక్కుపోతుంది. పక్షులన్నీ కూడి గరుత్మంతునితో మొరపెట్టుకుంటాయి. ఆ కథ 6వ శతాబ్దంలో బర్జోయ్ అనే వైద్యుని చేత పహ్లవీ భాషలోకి, అక్కడి నుండి 8వ శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా చేత అరబ్బీలోకి వెళ్ళి "కలీలా వ దిమ్నా" అయింది. అరబ్బీలో గరుత్మంతుడు లేడు. పక్షులు అన్ఖా దగ్గరకు పోతాయి. అదే కథ ఫార్సీలోకి వచ్చేసరికి అన్ఖా స్థానంలో సీమూర్గ్ కూర్చున్నది, ఫిర్దౌసీ షాహ్‌నామాలో తండ్రి విడిచిపెట్టిన పసివాడు జాల్‌ను గూట్లో పెంచిన ఆ సీమూర్గ్! అనువాదకుడు చేసిన పని తప్పా? నేను తప్పనను. పక్షులకు పెద్దదిక్కు ఎవరు అన్న ప్రశ్నకు ప్రతి భాషా తన దగ్గరున్న జవాబు ఇచ్చింది. అయితే గరుడుడు, అన్ఖా, సీమూర్గ్ ఒకటే అని పిల్లలకు చెప్పరాదు. గరుడుడు ఒక దేవుని వాహనం, పూజలందుకొనేవాడు. అన్ఖా అరబ్బుల నోట దొరకని వస్తువుకు ఉపమానం. సీమూర్గ్ అత్తార్ చేతిలో పడి ముప్ఫై పక్షుల ఆత్మాన్వేషణ అయిపోయింది. పని ఒకటే, పదవి వేరు. ఆలంపూర్‌లో గరుడబ్రహ్మాలయం ముందు నిలబడి ఈ కథ మూడు భాషల్లో చెప్పిన రోజున తరగతి మొత్తానికి అందులో వాటా ఉంటుంది.

ముస్లిం తల్లిదండ్రులలో కొందరు ఈ విహారయాత్రలకు పిల్లలను పంపటానికి సందేహిస్తారు. ఆ సందేహాన్ని తేలికగా తీసివేయరాదు; సంతానం విశ్వాసం గురించి తండ్రి పడే ఆందోళన గౌరవించదగినది. ప్రాణుల ప్రతిమలు చేయటం, ఉంచుకోవటం గురించి ఫిఖ్హ్‌లో విస్తారమైన చర్చ ఉన్నది. అది వేరే వ్యాసం. కాని చూచి తెలుసుకోవటం వేరు, ఆరాధించటం వేరు అన్న భేదం బీరూనీకి తెలుసు, దానితోనే ఆయన అంత గ్రంథం వ్రాశాడు. జకరియ్యా అల్ ఖజ్వీనీ (మరణం 1283, హి. 682) తన "అజాయిబుల్ మఖ్లూఖాత్" పీఠికలో అజబ్, అంటే ఆశ్చర్యం, ఏమిటో చెబుతాడు: ఒక వస్తువు కారణం తెలియక మనిషి తికమకపడటమే ఆశ్చర్యం. తేనెపట్టును మొదటిసారి చూచినవాడు, అంత చిన్న ఈగ కొలతబద్ద లేకుండా ఆరు మూలల గదులు ఎట్లా కట్టిందని తికమకపడతాడు. చిన్నతనం నుండి చూచి చూచి అలవాటైన వస్తువు మీద ఆ ఆశ్చర్యం పోతుందని కూడా ఆయనే అన్నాడు. ఆలంపూర్ పిల్లలకు సరిగ్గా వర్తించే మాట ఇది. కర్నూలు నుండి వచ్చినవాడు నోరు తెరిచి చూస్తుంటే, ఊరి పిల్లవాడు ఆ గోడ నీడన గోలీలాడుకుంటాడు.

ఇంటి గోడల మీది బురాఖ్ బొమ్మను ఈ సందర్భంలో తలచుకోవాలి. దైవప్రవక్త (సల్లం) మేరాజ్ ప్రయాణపు ఆ వాహనం గురించి హదీసులో ఉన్నది ఇంతే: తెల్లని జంతువు, గాడిద కంటె పెద్దది, కంచరగాడిద కంటె చిన్నది, దాని ఒక్క అడుగు దాని చూపు ఆనినంత దూరం. స్త్రీ ముఖం, కిరీటం, నెమలి తోక చిత్రకారులు తగిలించినవి. అచ్చు బొమ్మల ద్వారా మన బస్తీల దాకా వచ్చినవి. వాక్కులో ఉన్నది ఎంత, చేతిపని ఎంత అని తన ఇంటి బొమ్మ దగ్గర విడదీయటం నేర్చిన బాలుడు, మకరం దగ్గర కూడా ఆ పని చేయగలడు. ఇతరుల బొమ్మ దగ్గర మాత్రమే విమర్శ నేర్పి, మన బొమ్మ దగ్గర మౌనం వహించటం విద్య కాదు.

వింత జంతువులు గుడికే పరిమితం అన్న అపోహ కూడా పిల్లల్లో ఉంటుంది. గోలకొండ బాలాహిసార్ ద్వారం వద్ద చప్పట్లు కొట్టి ప్రతిధ్వని వినటం ప్రతి విహారయాత్రలోనూ ఉండేదే. అదే ద్వారం కమాను మూలల్లో యాళులు ఉన్నవని ఎంతమంది తలెత్తి చూశారు? బీదర్ కోట షర్జా దర్వాజా పేరే దాని మీది మృగరాజుల బొమ్మల వల్ల వచ్చింది. దక్కనీ చిత్రకారులు అనేక జంతువులను ఒకదానిలో ఒకటి ఇమిడ్చి ఒక ఏనుగునో గుర్రాన్నో గీయటంలో ఆరితేరినవారు. ఇటలీలోని పీసా నగరపు ప్రధాన చర్చి కప్పు మీద శతాబ్దాల పాటు నిలిచిన కంచు గ్రిఫిన్, అంటే గద్దముక్కు, రెక్కలు, సింహపు ఒళ్ళు గల మృగం, ముస్లిం పనివారు పోత పోసినది. దాని ఒంటి మీద శుభాకాంక్షలు కోరే అరబ్బీ లిపి చెక్కి ఉన్నది. ఇప్పుడది అక్కడి మ్యూజియంలో ఉన్నది. మసీదు దేశాల మృగం చర్చి నెత్తి మీద, గుడి యాళి సుల్తాను కోట గుమ్మం మీద!

ఇక పెద్దలు తప్పించుకోజూచే ప్రశ్న. "సార్, ముక్కు ఎవరు పగలగొట్టారు?" తరగతిలో ఆ ప్రశ్న పుట్టగానే కొన్ని తలలు ముస్లిం పిల్లల వైపు తిరుగుతాయి. దీనిని దాచి లాభం లేదు. పాత జోగుళాంబ ఆలయం 14వ శతాబ్దంలో బహమనీల దాడిలో పోయిందని స్థానిక సంప్రదాయం చెబుతున్నది. దేవి విగ్రహాన్ని బాలబ్రహ్మాలయంలో ఉంచారని, 2005లో కొత్త ఆలయం కట్టారని అందరికీ తెలిసినదే. ఆ మాట ఉపాధ్యాయుడు తన నోటితోనే, గొంతు తగ్గించకుండా చెప్పాలి. అదే గొంతుతో, 1300 ఏళ్ళ నాటి చాళుక్య గుడులు అక్కడే నిలిచి ఉన్నవని, వాటి పక్కన ఉన్న దర్గాకు రెండు మతాలవారు వస్తారని కూడా చెప్పాలి. ఇసుకరాయి ఎండకు, వానకు పొరలు పొరలుగా ఊడుతుందని వేలితో చూపాలి. విరిగిన ప్రతి ముక్కుకూ ఒక చరిత్ర ఉన్నదనటం ఎంత తప్పో, ఏ ముక్కుకూ చరిత్ర లేదనటం అంతే తప్పు. పదేళ్ళ బాలుడు ఆరు వందల ఏళ్ళ నాటి సైన్యానికి జవాబుదారీ కాడు. ఈ సంగతి తక్కిన పిల్లలు వినేటట్లు చెప్పటం ఉపాధ్యాయుని బాధ్యత.

రాళ్ళు పోవటానికి సైన్యమే రానక్కరలేదు. కృష్ణా తుంగభద్రల సంగమం వద్ద కూడవెల్లిలో ఉండిన సంగమేశ్వరాలయం శ్రీశైలం జలాశయపు ముంపులో పడింది. రాయి రాయి విప్పి, తెచ్చి, ఆలంపూర్‌లో మళ్ళీ నిలబెట్టారు. పాపనాశి గుడులూ అట్లే కదిలి వచ్చినవి. నీటి గుర్తుగా మకరాన్ని చెక్కుకున్న చాళుక్యుల గుడి నీటికే చోటు వదిలి రావలసివచ్చింది. తాతల ఊళ్ళు అదే నీళ్ళలో పోయిన పిల్లలు ఈ బస్సుల్లో ఉంటారు. వారికి ఈ గుడి దగ్గర ఎవరూ ఏమీ వివరించనక్కరలేదు, కాస్సేపు కూర్చోనిస్తే చాలు.

ప్రదర్శనశాలలో ఏమి చేయాలన్న దానికి నాకు తోచిన పద్ధతి ఇది. ఒక్క పూటకు రెండు జంతువులు చాలు, మూడవది వద్దు. ముందు గుడి గోడ మీద, దాని చోట దానిని చూడాలి, తర్వాతే లోపలి రాళ్ళ దగ్గరకు పోవాలి. తోరణం ఎక్కడ ఉంటుందో తెలియకుండా తోరణపు ముక్కను చూస్తే అది వట్టి రాయి. పలకల మీద సాధారణంగా పేరు, శతాబ్దం మాత్రమే ఉంటాయి కనుక, పలక చదివి కదిలిపోకుండా ఉండటానికి ప్రతి పిల్లవాని చేతిలో కాగితం, పెన్సిలు ఉండాలి. ఒక నిలువు గీత గీసి, ఎడమవైపు కంటితో చూచిన అవయవాలు, కుడివైపు ఎవరో చెప్పగా విన్న కథ వ్రాయించాలి. ప్రతి అవయవానికీ ఇంట్లో వాడే పేరు, ఏ భాషదైనా సరే, పక్కన వ్రాయమనాలి. తిరిగి వచ్చాక, బడిలో, బీరూనీ చెప్పిన శరభాన్ని ఏ బొమ్మా చూపకుండా చదివి వినిపించి, ఎవరికి వారు గీయమనండి. గేదె ఒళ్ళు తేలికగానే వస్తుంది, తొండమూ కొమ్ములూ వస్తాయి. వీపు మీది నాలుగు కాళ్ళు ఎటు తిప్పి అతకాలో, పాదాలు పైకా పక్కకా, అక్కడ పెన్సిళ్ళు ఆగుతాయి, పక్కవాని కాగితంలోకి తొంగిచూపులు మొదలవుతాయి.